కాయ పట్రా

సుభాషిణికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆ ఏప్రిల్ నెలలో మాత్రం ఆమె నోటి నుంచి ఒక్క మంచి మాట రాలేదు. ఇంట్లో అందరూ ఆమెకు ఎదురుపడకుండా గోడవారగా నడవడం అలవాటు చేసుకున్నారు.

దీనికంతటికీ కారణం ఒక మాట. మార్ఫాలజీ.

తెలుగులో డిగ్రీ చదివే పిల్లల కోసం అన్ని శాస్త్రాలనూ కలిపి ఒక పెద్ద పదకోశం తయారవుతోంది. ఊరికే మాటకు మాట ఇచ్చి వదిలేయకుండా, ప్రతి మాటకూ వివరణలూ ఉదాహరణలూ ఉన్న పుస్తకం. దానికి సంపాదకురాలు సుభాషిణి. ఆరేళ్ళుగా అదే పని. మొదటి పేజీలో ఆమె స్వయంగా రాసి పెట్టుకున్న నియమం ఒకటుంది: ఒక ఇంగ్లిషు మాటకు ఒకే తెలుగు మాట. పిల్లలు తికమక పడకూడదని ఆమె ఉద్దేశం. ఆ వాక్యాన్ని చూసుకుని అప్పుడప్పుడు మురిసిపోయేది కూడా.

భాషాశాస్త్రంలో మార్ఫాలజీ అంటే మాటలు ఎలా కట్టుకుంటాయో చెప్పే విద్య. 'చెట్టు' పక్కన 'లు' చేరితే 'చెట్లు' అవుతుంది గదా, మధ్యలో ఉన్న ఆ 'టు' ఎక్కడికి పోయింది, ఇలాంటి సంగతులు. సుభాషిణి డాక్టరేటు దాని మీదే. అంచేత ఆమెకు సందేహమన్నదే రాలేదు. పుస్తకం సిద్ధమయ్యాక కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కి, మార్ఫాలజీ అని ఉన్న ప్రతిచోటా 'పదనిర్మాణం' అని మార్పించింది. రెండు వందల పన్నెండు చోట్ల మార్చానని కంప్యూటర్ చెప్పింది. ఆమె లేచి టీ తాగడానికి వెళ్ళింది.

ఒక్కో శాస్త్రం గురించి రాసిచ్చినవాళ్ళకు నమూనా ప్రతులు అందిన మూడో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

మొదటిది రక్తపరీక్షల డాక్టరుగారిది. "ఏమ్మా, 'రోగి ఎర్ర రక్తకణాల పదనిర్మాణం సవ్యంగా ఉంది' అని వేశారు. నా రక్తంలో ఏం పదాలున్నాయి డాక్టరుగారూ అని రోగి అడిగితే నేనేం చెప్పాలి?" ఆయన దృష్టిలో మార్ఫాలజీ అంటే కణం ఆకారం. గుండ్రంగా ఉందా, కొడవలిలా వంగిందా అన్నదే ఆయనకు కావలసింది.

రెండోది వృక్షశాస్త్రం లెక్చరరుది. "మందార ఆకు పదనిర్మాణం అంటే ఏంటి మేడమ్? అసలు ఆ మాట ముందు మా శాస్త్రంలో పుట్టింది. మీవాళ్ళు మా దగ్గర అరువు పుచ్చుకున్నారు. పుచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు మా మీదే పెత్తనం చేస్తే ఎలా?"

మూడో ఫోను నదుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరుది. ఆయన తిట్టలేదు. "గోదావరి డెల్టా పదనిర్మాణంలో వరదల పాత్ర" అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నిదానంగా చదివాడు. రెండోసారి ఇంకా నిదానంగా చదివాడు. ఫోను పెట్టేశాడు. సుభాషిణికి మిగతా ఇద్దరి కంటే ఆయన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

పోనీ మీరే ఒక మాట చెప్పండని ముగ్గురినీ అడిగింది. అడగకపోయినా బాగుండేది. లెక్చరరు 'స్వరూపం' అన్నాడు. కణానికి స్వరూపమేంటి, అదేమైనా దేవుడా అన్నాడు డాక్టరు. 'ఆకృతి' చాలన్నాడు. నది రోజుకో దారి పడుతుంది, దానికి ఆకృతి ఎక్కడిది అన్నాడు ప్రొఫెసరు. 'భూస్వరూపం' తప్ప ఇంకోటి ఒప్పుకోనన్నాడు. అయితే మా మందారానికి మట్టి పులుముతారా అన్నాడు లెక్చరరు. పది రోజులు ఇదే తంతు. సుభాషిణి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి పుస్తకం వేయిస్తున్న పెద్దమనిషి విసిగిపోయాడు. "ఎల్లుండి పదింటికి అందరం కూర్చుంటున్నాం. నలుగురికీ సరిపోయే ఒక్క మాటతో రండి. లేదంటే ఇంగ్లిషు మాటనే తెలుగు అక్షరాల్లో వేసి అచ్చుకి పంపించేస్తాను" అన్నాడు.

ఇది ఒక్క మాటతో పోయేదైతే సుభాషిణి ఊరుకునేదే. డాక్టరు అప్పటికే ఇంకో నలభై మాటల కింద ఎర్రగీతలు గీసి కూర్చున్నాడు. ఈ ఒక్కటీ వదిలేస్తే వెనకాలే ఆ నలభై పోతాయి, వాటి వెనక నాలుగు వందలు పోతాయి. చివరికి మిగిలేది తెలుగు చొక్కా తొడుక్కున్న ఇంగ్లిషు పుస్తకం. ఆరేళ్ళు తాను చేసింది అక్షరాలు మార్చే పనేనా అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. సంపాదకురాలిగా తన పేరు తీసేయమని ఒక ఉత్తరం రాసి సంచిలో పెట్టుకుంది. అచ్చు ప్రతి కూడా అదే సంచిలో పడేసి, పొద్దున్నే దస్తగిరి మాస్టారి ఊరికి బస్సెక్కింది.

దస్తగిరి మాస్టారు ఆమెకు ఇంటర్మీడియట్‌లో వ్యాకరణం చెప్పారు. ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. నలభై ఏళ్ళుగా పల్నాటి రైతుల మాటలు సేకరించి, ఒక్కో మాటా ఒక్కో అట్టముక్క మీద చేత్తో రాసి, ఇనప్పెట్టెల్లో దాస్తున్నారు. అది పుస్తకంగా ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళను ఇంకా మాటలు అయిపోలేదని చెప్పి పంపించేస్తారు.

అది మిరప కోతల కాలం. ఊరి బయట కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. బస్సు దిగిన దగ్గర్నుంచి సుభాషిణి తుమ్ముతూనే నడిచింది. పది గంటలకే ఎండ పెళ్ళున కాస్తోంది.

వరండాలో మాస్టారి భార్య ఖాసింబీ, పక్కింటి శేషమ్మా అష్టాచెమ్మా ఆడుతున్నారు. నేల మీద సుద్దముక్కతో గీసిన గళ్ళు, నాలుగు గవ్వలు, కాయలకు బదులు ఒకరివి చింతగింజలు, ఒకరివి గాజుముక్కలు.

"కూర్చో తల్లీ. ఈ కాయ పండనీ, మంచినీళ్ళిస్తా" అంది ఖాసింబీ, గవ్వలు కుదుపుతూ.

"పండించుకోండమ్మా, తొందరేం లేదు" అని సుభాషిణి చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

మాస్టారు బల్ల దగ్గర రాసుకుంటున్నారు. చేతిలో ఉన్న అట్టముక్క పూర్తయ్యేదాకా తలెత్తలేదు. పూర్తయ్యాక కలం మూత పెట్టి, బొటనవేలితో మధ్యవేలి పక్కన రుద్దుకుంటూ, "ఏందమ్మాయ్, మొహం అట్టా ఉంది?" అన్నారు.

సుభాషిణి అంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు పెరిగింది. డాక్టరునీ, లెక్చరరునీ, నదుల ప్రొఫెసరునీ వరసపెట్టి కడిగేసింది. వరండాలో గవ్వల చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

మాస్టారు అన్నీ విని ఒక్కటే అడిగారు. "ఆ రెండు వందల పన్నెండు చోట్లూ చదివావా?"

"చదవడమెందుకండీ, కంప్యూటరే మార్చింది. ఒక్కటి కూడా వదల్లేదు."

 మాస్టారు ఇంకో అట్టముక్క అందుకున్నారు.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు మాస్టారూ. నాకు ఒక్క మాట ఇవ్వండి. రక్తానికీ ఆకుకీ నదికీ మన వ్యాకరణానికీ నాలుగింటికీ సరిపోయే మాట. నలభై ఏళ్ళుగా మాటలు పోగేస్తున్నారు. మీ పెట్టెల్లో ఉండకపోతే ఇంకెక్కడా ఉండదు."

"ఇస్తాన్లే. ముందు నాకో కాయ పట్రా."

"ఇప్పుడా?"

"నీ బస్సు సాయంత్రం గదా."

ఏ కాయ అని అడగబోయి సుభాషిణి ఆగింది. పదాల మీద డాక్టరేటు తీసుకున్న మనిషి, కాయంటే ఏంటని వ్యాకరణం మాస్టారిని అడగడమా? చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఇంటి వెనకే ఒక కళ్ళం ఉంది. చీర కొంగు ముక్కుకి కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని, మిరపరాశి లోంచి తెల్లబారిన తాలు ఏరి పక్కన పోస్తోంది. సుభాషిణి గట్టు మీద నిలబడి, "అమ్మా, మాస్టారికి ఒక కాయ కావాలంట" అంది.

"ఒక్క కాయేం చేసుకుంటాడమ్మా ఆయన? కొంగు పట్టు" అని ఆవిడ రెండు దోసిళ్ళు నిగనిగలాడే ఎండుమిరపకాయలు పోసింది. సుభాషిణి ఎనిమిదిసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

మాస్టారు ఒక కాయ తీసి, తొడిమ చూసి, విరిచి వాసన చూశారు. "మంచి కాయ. నేనడిగింది ఇది కాదు" అన్నారు.

సుభాషిణి మళ్ళీ వెళ్ళింది. వీధి చివర దర్గా ఉంది. దాని ముందు అగరొత్తులూ పూలూ అమ్మే చిన్న కొట్టు. కొట్టతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"కాయొకటి ఇవ్వండి" అంది.

అతను వెనక నుంచి కొబ్బరికాయ ఒకటి తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, పీచు లాగి పిలక సరిచేసి చేతిలో పెట్టాడు. "ఇక్కడే కొట్టిస్తారా, తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాను" అంది సుభాషిణి పళ్ళ బిగువున.

మాస్టారు కొబ్బరికాయను అటూ ఇటూ తిప్పి చూసి, మిరపకాయల పక్కన పెట్టారు. "నీళ్ళు బాగున్నట్టున్నాయి. ఇదీ కాదు."

మూడోసారి ఆమె బస్టాండు దాకా నడిచింది. ఎండకి నడినెత్తి మాడిపోతోంది. బడి గేటు ముందు తోపుడుబండి మీద ఒకాయన మామిడికాయలు పేర్చుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాపి, "కాయ" అని ఒక్క మాట అంది. అంతకు మించి మాట్లాడే ఓపిక లేదు.

"కోసి ఉప్పూ కారం వెయ్యమంటారా?"

"వద్దు. ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి."

పచ్చి మామిడికాయ తెచ్చి బల్ల మీద పెట్టిన చప్పుడుకి సిరాబుడ్డి అదిరింది. మాస్టారు ముచికె దగ్గర గిల్లి, జీడి వాసన చూసి, "పుల్లటిది. పచ్చడికి బాగుంటది" అన్నారు.

"ఇదేనా మరి?"

"కాదు."

ఇక సుభాషిణికి ఆగలేదు. చిన్నప్పటి నుంచి ఈయన ముందు గొంతెత్తిన మనిషి కాదు. ఆ రోజు ఎత్తింది.

"నన్ను ఆడిస్తున్నారా మాస్టారూ? రేపు పదింటికి నా ఆరేళ్ళ పని గంగలో కలవబోతోంది. ఒక్క మాట చెప్పండని వస్తే ఊరంతా తిప్పుతున్నారు. కళ్ళంలో కాయ అంటే ఆవిడ మిరపకాయలు పోసింది. దర్గా దగ్గర అంటే కొబ్బరికాయ ఇచ్చాడు. బండి దగ్గర అంటే మామిడికాయ ఇచ్చాడు. వాళ్ళలో ఒక్కరు కూడా ఏ కాయ అని నన్ను తిరిగి అడగలేదు. చేతిలో పెట్టారు. మీకే ఏదీ నచ్చడం లేదు."

"వాళ్ళు అడగలేదు, సరే" అన్నారు మాస్టారు. "నువ్వెందుకు అడగలేదు?"

సుభాషిణి బల్ల మీది కాయల వంక చూసింది.  వరండాలో శేషమ్మ, "నా కాయని చంపేశావు గదా అక్కా" అని సణుగుతోంది.

సుభాషిణి చిన్న గొంతుతో అడిగింది. "ఏ కాయ మాస్టారూ?"

మాస్టారు కుడిచెయ్యి చాపి మధ్యవేలు చూపించారు. మొదటి కణుపు పక్కన, కలం ఆనే చోట, గోధుమరంగులో గట్టిపడిన చర్మం. చింతగింజంత ఉంది. నలభై ఏళ్ళు రాసీ రాసీ కాచిన కాయ.

"ఇది" అన్నారు.

సుభాషిణి దాన్ని చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. మధ్యవేలు మెత్తగా, నున్నగా ఉంది. చూపుడువేలు కూడా అంతే. రెండు వందల పన్నెండు చోట్లనూ ఒక్క దెబ్బకు మార్చింది ఆ వేలే.

 మాస్టారు సొరుగు లోంచి ఖాళీ అట్టముక్కల కట్ట ఒకటీ, సిరా పోసిన కలం ఒకటీ తీసి ఆమె ముందుకు జరిపారు. తన పని తాను మొదలుపెట్టుకున్నారు.

సుభాషిణి వరండాలో చాప మీద కూర్చుని అచ్చు ప్రతి తెరిచింది. కోపం పూర్తిగా పోలేదు. మొదటి పది ముక్కలూ ఆ కోపంతోనే గీకింది. వాక్యం చదవడం, అక్కడ 'పదనిర్మాణం' కొట్టేయడం, ఆ వాక్యం రాసినాయన ఏం చూస్తూ రాశాడో ఆలోచించడం, రాయడం. డాక్టరు వాక్యాల్లో చాలాచోట్ల 'ఆకారం' అంటే చాలు. ఇంత చిన్న మాటకు పది రోజులు కొట్టుకున్నామా అనిపించింది. ఆకు దగ్గర ఆకారం ఒక్కటే చాల్లేదు. అంచు, ఈనెలు, కాడ, కొమ్మ మీద అది కూర్చున్న తీరు అన్నీ ఆ ఒక్క మాటలో పట్టాలి. అక్కడ లెక్చరరు చెప్పిన 'స్వరూపం' కుదురుగా ఉంది. అది చూసి ఆమెకు లెక్చరరు మీద కొత్తగా చిరాకు పుట్టింది.

నది దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ప్రొఫెసరు రెండుసార్లు చదివి పెట్టేసిన వాక్యం అదే. వరదొచ్చిన ప్రతిసారీ ఒండ్రు ఎక్కడ పేరుకుంటుంది, పాయ ఎటు చీలుతుంది, లంక ఎక్కడ తేలుతుంది అని ఆయన నాలుగు పేజీలు రాశాడు. ఆ నాలుగు పేజీలనూ సుభాషిణి అప్పుడే మొదటిసారి చదివింది. బాగా రాశాడు. ఆ ముక్క మీద ఆయన పట్టుబట్టిన 'భూస్వరూపం' అనే రాసింది. ఆ మనిషికి తిట్టడం ఎందుకు చేతకాలేదో కూడా కొంచెం అర్థమైంది.

నూరో ముక్క దగ్గర నక్షత్రాల అధ్యాయం వచ్చింది. 'గెలాక్సీల పదనిర్మాణం' అని ఉంది. ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నెలలో నవ్వడం అదే మొదలు. శేషమ్మ తలెత్తి చూసింది.

చివరికి సొంత అధ్యాయం. ఇక్కడ 'పదనిర్మాణం' ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. ఉదాహరణ కూడా తాను రాసిందే: 'మామిడికాయలో కాయ, ఊరగాయలో గాయ. చోటు మారితే మాట రూపు మారుతుంది.' ఏడాది కిందట రాసినప్పుడు ఎంత చక్కగా కుదిరిందో అనుకుంది. ఇప్పుడు ఆ వాక్యం ముందు కలం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కిటికీ లోంచి చూస్తే బల్ల మీద మిరపకాయలు, కొబ్బరికాయ, మామిడికాయ వరసగా ఉన్నాయి.

అట్టముక్కలు అయిపోయాయి. సంచిలో వెతికితే ఒకవైపే రాసిన కాయితం ఒకటి దొరికింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, ఖాళీ వైపు రాసుకుంది. తన పేరు తీసేయమని రాసిన ఉత్తరం అదేనని మూడో ముక్క మీద గాని గమనించలేదు. గమనించాక కూడా ఆపలేదు.

"నా కాయ పండింది" అంది ఖాసింబీ పక్కనుంచి.

"ఎన్నోదమ్మా?" అంది సుభాషిణి తలెత్తకుండా.

"మూడోది."

"ఇంకొక్కటేగా" అని రాసుకుంటూ పోయింది.

బస్సు టైముకి నూట డెబ్భై చోట్లు అయ్యాయి. మిగతావి బస్సులో చదువుకోవచ్చు. రాసినవాటిని శాస్త్రానికో కట్టగా కట్టి, పొద్దున పదింటికి ఎవరి కట్ట వాళ్ళ ముందు పెట్టి, ఇది సరిపోయిందా అని అడగాలి. కుదరలేదంటే ఎక్కడ కుదరలేదో అడగాలి. డాక్టరు ఎర్రగీతలు గీసిన ఆ నలభై మాటల గురించి కూడా అడగాలి. పదికి మొదలుపెడితే రెండింటికి గాని తెమలదు. తెమలకపోతే మూడు. అచ్చు ప్రతిలో మొదటి పేజీ తీసి, తన నియమం మీద అడ్డంగా ఒక గీత గీసింది. దాని చోట వేరేది ఏమీ రాయలేదు.

లేచి లోపలికి వెళ్ళింది. మాస్టారు దీపం వెలిగించి ఇంకా రాస్తూనే ఉన్నారు. రాస్తున్న అట్టముక్క పూర్తయ్యేదాకా ఆమె పక్కన నిలబడింది. ఈసారి విసుగనిపించలేదు.

కలం మూత పెట్టి ఆయన తలెత్తారు. సుభాషిణి కుడిచెయ్యి ఆయన ముందు చాపింది. మధ్యవేలి పక్కన సిరా మరకలో చిన్న నొక్కు పడి ఉంది.

"కాయ తేలేదు మాస్టారూ. ఎర్రబడిందంతే" అంది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఆ వేలిని దీపం దగ్గరికి లాక్కుని చూశారు.

"కాస్తుందిలే" అన్నారు.